జోహ్రా సెహగల్‌కు ఎనభై దాటాకే అవకాశాలు వచ్చాయన్న మాట ఎంతవరకు నిజం?

మీరు రెండు విషయాలు అడిగారు. పదిహేనేళ్లు నాటకాలు వేసి, నలభై మూడో ఏట ఇక కొనసాగాలా మానాలా అన్న సందేహంలో ఉన్న మీకు ఒక పెద్దాయన "జోహ్రా సెహగల్‌కు ఎనభై దాటాకే అవకాశాలు వచ్చాయి, నీకేం తొందర" అని ధైర్యం చెప్పారని రాశారు. ఆ మాట నిజమేనా అన్నది మొదటి ప్రశ్న. ఆమె నటనను శ్రద్ధగా చూసి నేర్చుకోవాలంటే ఏ పాత్రతో మొదలుపెట్టాలన్నది రెండోది. ముప్ఫై ఏళ్లుగా రంగస్థల నటులకు ఆంగికం (శరీరంతో చేసే అభినయం), వాచికం (మాటతో చేసే అభినయం) నేర్పుతున్నవాడిగా, తరగతిలో ఆమె ఉదాహరణను తరచుగా వాడుకునేవాడిగా నాకు తెలిసినంతవరకు చెబుతాను.

ధైర్యం చెప్పినవారి ఉద్దేశం మంచిదే గాని, ఆ మాటలో సగమే నిజం ఉంది. ఎనభై దాటాక ఆమెకు వచ్చింది హిందీ సినిమా ప్రేక్షకుల గుర్తింపు. 1998లో 'దిల్ సే' విడుదలయ్యేనాటికి ఆమెకు ఎనభై ఆరేళ్లు. ఆ సినిమా 'ప్రేమతో' పేరుతో తెలుగులోకి అనువాదమై వచ్చినప్పుడే మనలో చాలామంది ఆ బామ్మను మొదటిసారి చూశాం. చూసినవాళ్లకు, ఎక్కడో ఇంటిపట్టున ఉన్న ముసలావిడను వెతికి తెచ్చి తెరమీద నిలబెట్టారేమో అనిపించేటంత సహజంగా ఆమె ఉన్నారు. ఆ సహజత్వమే ఈ అపోహకు మూలమని నా అనుమానం. నిజానికి ఆమె వృత్తి కళాకారిణిగా మొదటి అడుగు వేసింది 1935 ఆగస్టులో, ఇరవై మూడేళ్ల వయసులో. అంటే 'దిల్ సే' నాటికి ఆమె వెనుక అరవై మూడేళ్ల అనుభవం ఉంది.

ఆమె 1912 ఏప్రిల్ 27న సహారన్‌పూర్‌లో, రోహిల్లా పఠాన్ కుటుంబంలో పుట్టారు. పసితనంలోనే గ్లకోమా వల్ల ఎడమ కంటి చూపు పోయింది. తల్లి చిన్నప్పుడే మరణించారు. లాహోర్‌లోని క్వీన్ మేరీ కళాశాలలో చదువు ముగిశాక, ఆ కాలపు పరదా కుటుంబాల ఆడపిల్లలకు ఊహకైనా అందని పని ఒకటి జరిగింది: మేనమామ వెంట కారులో, ఇరాన్, పాలస్తీనా, ఈజిప్టుల మీదుగా ఐరోపాకు వెళ్లారు. నటన నేర్చుకోవాలని బయలుదేరిన ఆ అమ్మాయి చివరికి చేరింది జర్మనీలోని డ్రెస్డెన్‌లో, మేరీ విగ్‌మన్ నృత్య పాఠశాలలో. అక్కడ మూడేళ్లు చదివారు.

ఈ మూడేళ్ల దగ్గర నేను కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఆమె గురించి రాసేవాళ్లు దీన్ని ఒక వింత వివరంగా ప్రస్తావించి దాటిపోతుంటారు. విగ్‌మన్ నేర్పినది కాలివేళ్ల మీద నిలబడే బాలే నృత్యం కాదు. చెప్పులు లేని కాళ్లతో, ఒక్కోసారి కేవలం డోలు దరువుకు, ఒక్కోసారి సంగీతమే లేకుండా, శరీరం లోపలి బిగువును, సడలింపును బట్టి కదలిక పుట్టాలన్నది ఆ పద్ధతి. అందమైన భంగిమ లక్ష్యం కాదు. చుట్టూ ఉన్న ఖాళీ స్థలాన్ని నటి ఎలా ఆక్రమిస్తుంది, ఊపిరి ఎక్కడ ఆపుతుంది, బరువు ఏ కాలి మీదికి మారుస్తుంది అన్నవి ముఖ్యం. మన శాస్త్రీయ నృత్యాల్లో ముద్రకు అర్థం ముందే నిర్ణయమై ఉంటుంది, కళాకారిణి దానికి ప్రాణం పోస్తుంది. విగ్‌మన్ దగ్గర ఆ అర్థాన్ని కూడా విద్యార్థే వెతుక్కోవాలి. ఇలాంటి శిక్షణ నటికి ఇచ్చే లాభం వయసు మళ్లాక బయటపడుతుంది. తొంభై ఏళ్ల వయసులో ఆమె కుర్చీలోంచి లేచే తీరు చూడండి: లేవడానికి ముందు ఒక క్షణం ఆగి, ముందుకు వంగి, ఆ తర్వాతే పైకి వస్తారు. ఆ ఆగడం వృద్ధాప్యపు బలహీనతగా కనిపించదు, పాత్ర ఏదో నిర్ణయించుకుంటున్నట్టు కనిపిస్తుంది.

ఐరోపాలో ఉన్నప్పుడే ప్రసిద్ధ భారతీయ నర్తకుడు ఉదయ్ శంకర్ నృత్య ప్రదర్శన చూశారు. ఆయన బృందంలో చేరే అవకాశం 1935లో వచ్చింది. జపాన్, ఈజిప్టు, ఐరోపా, అమెరికా అంతా తిరిగిన ఆ బృందంలో ఆమె ప్రధాన నర్తకీమణుల్లో ఒకరయ్యారు. ఉదయ్ శంకర్ భారతదేశానికి తిరిగివచ్చి అల్మోరాలో కళాకేంద్రం నెలకొల్పినప్పుడు ఆమె అక్కడ ఉపాధ్యాయురాలు. అక్కడే కామేశ్వర్ సెహగల్ పరిచయమయ్యారు. ఇండోర్‌కు చెందిన ఆయన శాస్త్రవేత్త, చిత్రకారుడు, నర్తకుడు. వయసులో ఆమెకన్నా ఎనిమిదేళ్లు చిన్న, పైగా మతం వేరు. 1942 ఆగస్టులో, క్విట్ ఇండియా అరెస్టుల వేడిలో, వారి పెళ్లి జరిగింది. ఆ తర్వాత లాహోర్‌లో ఇద్దరూ కలిసి సొంత నృత్యసంస్థ నడిపారు, కానీ దేశ విభజన ముందటి వాతావరణం అక్కడ ఆ జంటను నిలవనివ్వలేదు. బొంబాయికి వచ్చారు.

1945లో, ముప్ఫై మూడేళ్ల వయసులో, పృథ్వీరాజ్ కపూర్ నడుపుతున్న పృథ్వీ థియేటర్స్‌లో నెలకు నాలుగు వందల రూపాయల జీతానికి చేరారు. అప్పటికి విదేశాల్లో పేరు గడించిన నర్తకి, సొంత సంస్థ నడిపిన ఉపాధ్యాయురాలు ఒక నాటక సమాజంలో నెలజీతం మనిషిగా కుదరడం చిన్న విషయం కాదు. అక్కడే పద్నాలుగేళ్లు ఉండిపోయారు. మీ ప్రశ్నకు అసలు సమాధానం నా దృష్టిలో ఈ పద్నాలుగేళ్లలోనే ఉంది.

పృథ్వీ థియేటర్స్ ఒకచోట కుదురుగా ఉన్న సంస్థ కాదు. నటులు, సాంకేతికులు, సామాను అంతా రైళ్లెక్కి ఊరూరా తిరిగేవారు. పదహారేళ్ల జీవితకాలంలో ఆ సంస్థ ఇచ్చిన ప్రదర్శనలు 2,600కు పైగా. ఒక ఊళ్లో నాటకశాల, మరొక ఊళ్లో సినిమాహాలు, మాటలు వెనక వరుస దాకా వినబడని హాళ్లే ఎక్కువ. నాటకం అయిపోయాక పృథ్వీరాజ్ ద్వారం దగ్గర జోలె పట్టుకుని నిలబడితే, వెళ్లే ప్రేక్షకులు సహాయ నిధులకు అందులో డబ్బు వేసేవారు. ఇలాంటి సంచార జీవితంలో నటికి అబ్బేది ముఖ్యంగా గొంతు. ఇవాళ గొంతు బొంగురుపోయినా రేపు ప్రదర్శన ఉంటుంది, కనుక పోకుండా కాపాడుకునే విద్య తప్పనిసరిగా పట్టుబడుతుంది. దానితోపాటు అబ్బే మరో గుణం, ఒకే మాటను వందోసారి పలికేటప్పుడు కూడా మొదటిసారి తోచినట్టు పలకడం. మీరు పరిషత్తుల్లో ఒకే నాటికను పదిసార్లు ఆడి ఉంటారు. అదే నాటకాన్ని వందసార్లు ఆడితే ఏమవుతుందో ఊహించండి. ఆ అలవాటు ఉన్నవాళ్లకు కెమెరా ముందు పదకొండో టేకు పెద్ద పరీక్ష కాదు.

ఇంకొక సంగతి దాచకుండా చెప్పుకోవాలి. ఆ సంస్థలో నాయిక పాత్రలు ఎక్కువగా ఆమె చెల్లెలు ఉజ్రాకే వెళ్లేవి. ఉజ్రా అందగత్తె, పృథ్వీరాజ్ సరసన నాయికగా స్థిరపడ్డ నటి. అక్కగారికి పక్క పాత్రలు, నృత్య దర్శకత్వ బాధ్యత దక్కాయి. తనకు చెల్లెలి మీద అసూయ ఉండేదని జోహ్రా తరువాతి కాలంలో దాపరికం లేకుండా ఒప్పుకున్నారు. తన రూపం మీద తానే హాస్యమాడుకునేవారు కూడా: ఇప్పుడు ముసలితనంలో వికారంగా ఉన్న నన్ను చూస్తున్నారు, పడుచుతనంలో వికారంగా ఉన్నప్పుడు చూడవలసింది అనేవారు. ఆ మాటకు అందరూ నవ్వుతారు. నాకు మాత్రం అందులో పద్నాలుగేళ్లు వెలుగు అంచున నిలబడిన మనిషి కనిపిస్తుంది. అయితే నాయిక కాకపోవడం వల్ల ఒక మేలు జరిగింది. అందం మీద బతికిన నటికి నలభై ఏళ్లు రాగానే వృత్తి ఆగిపోయే ప్రమాదం ఉంటుంది. ముప్ఫైలలోనే ముసలమ్మలు, పనిమనుషులు, పొరుగింటి ఆడవాళ్ల వేషాలకు అలవాటుపడ్డ నటికి పోగొట్టుకోవలసినదంటూ ఏమీ ఉండదు.

సినిమా అప్పుడే తగిలింది గాని, నటిగా ఆమె దానిని పట్టించుకోలేదనే చెప్పాలి. ప్రజానాట్య ఉద్యమంతో ఉన్న అనుబంధం వల్ల 1946లో 'ధర్తీ కే లాల్', 'నీచా నగర్' చిత్రాల్లో కనిపించారు; రెండోది ఆ ఏడాది కాన్స్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి అందుకున్న చిత్రాల్లో ఒకటి. నృత్య దర్శకురాలిగా 1951 నాటి 'బాజీ'కి పనిచేశారు. దాని దర్శకుడు గురుదత్, అల్మోరా కేంద్రంలో చదువుకున్నవారే.

1959లో భర్త మరణించారు. మరుసటి ఏడాది పృథ్వీ థియేటర్స్ మూతపడింది. నలభై ఏడేళ్ల వయసులో ఇద్దరు పిల్లలతో మిగిలిన ఆమె ఢిల్లీకి చేరి ఒక నాట్య శిక్షణ సంస్థ బాధ్యత తీసుకున్నారు. 1962లో నాటక విద్యార్థి వేతనం మీద లండన్ వెళ్లారు. యాభై ఏళ్లకు విద్యార్థి వేతనం! మీ నలభై మూడు గురించి బెంగపడేటప్పుడు ఈ అంకెను ఒకసారి తలచుకోండి. కానీ అక్కడితో ఆగకండి, ఆ తర్వాతి ఇరవై ఏళ్లు ఎలా గడిచాయో కూడా చూడండి.

ఆ ఇరవై ఏళ్ల గురించి జీవితకథలు రాసేవాళ్లకు చెప్పడానికి పెద్దగా ఏమీ దొరకదు. లండన్‌లో నృత్యం నేర్పారు, చిన్నాచితకా పనులు చేశారు, వచ్చిన వేషమల్లా వేశారు. 1964లో బీబీసీ తీసిన ఒక కిప్లింగ్ కథలో చిన్న పాత్ర దొరికింది. అప్పటి బ్రిటిష్ టెలివిజన్‌లో భారతీయ నటికి రాసే పాత్రలే అరుదు. రాసినా దాసి, దుకాణదారు భార్య, గుంపులో ఒక ముఖం. అరవైల చివర 'ద గురు' వంటి ఒకటి రెండు సినిమాలు. 1976-77లో వలస వచ్చిన ఆసియా కుటుంబాల కోసం బీబీసీ ప్రసారం చేసిన 'పడోసీ' కార్యక్రమానికి ఇరవై ఆరు భాగాలకు వ్యాఖ్యాతగా ఉన్నారు. మొదటి చిన్న పాత్రకూ, పేరు తెచ్చిన పాత్రకూ మధ్య ఇరవై ఏళ్ల దూరం. ఆ కాలంలో ఆమె నటన ఆపలేదు, అలాగని నటన మీదే బతకనూ లేదు. మీకు ధైర్యం చెప్పిన పెద్దాయన ఈ భాగాన్ని కూడా చెప్పి ఉంటే నాకు అభ్యంతరం ఉండేది కాదు.

1984లో గ్రెనాడా టెలివిజన్ నిర్మించిన పద్నాలుగు భాగాల ధారావాహిక 'ద జ్యూయెల్ ఇన్ ద క్రౌన్' ప్రసారమైంది. అందులో ఆమెది లేడీ చటర్జీ పాత్ర: బ్రిటిష్ పాలన చివరి రోజుల్లో, ఒక చిన్న పట్టణంలో ఉంటున్న సంపన్న వితంతువు. ఆమె ఇంటికే డాఫ్నీ మానర్స్ అనే ఇంగ్లీషు యువతి అతిథిగా వస్తుంది. అధికారుల భార్యలు ఆమెను గౌరవిస్తున్నట్టు నటిస్తారు, తమలో కలుపుకోరు. అది ఆమెకు తెలుసు, తెలుసునన్న సంగతి పైకి చెప్పదు. రంగస్థలం మీద ఇలాంటి పాత్రకు ఎక్కడో ఒకచోట విస్ఫోటనం రాస్తారు. ఇక్కడ అది లేదు. పృథ్వీ థియేటర్స్‌లో చివరి వరుసకు వినబడేలా పలికిన గొంతును ఆమె ఇక్కడ గదిలో ఇద్దరికి వినబడేంతకు తగ్గించారు, కానీ మాట చివర పదును పోనివ్వలేదు. నాటకం నుంచి కెమెరాకు వచ్చే మన నటులు చేసే పొరపాటు సరిగ్గా ఇక్కడే: గొంతు తగ్గించమంటే శక్తినే తగ్గించేస్తారు, మాట చప్పబడిపోతుంది. గొంతు తగ్గినా సంకల్పం తగ్గకూడదన్నది నేను తరగతిలో ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. ఈ ధారావాహికలో ఆమె దృశ్యాలు రెండు చూపిస్తే ఎక్కుతుంది.

ఆ తర్వాత 'తందూరీ నైట్స్' హాస్య ధారావాహిక, 1993లో 'భాజీ ఆన్ ద బీచ్' సినిమా బ్రిటన్‌లో ఆమె స్థానాన్ని ఖాయం చేశాయి. ఇదే కాలంలో, మన చర్చకు ఇంకా ముఖ్యమైనది ఒకటి మొదలైంది. 1983లో ఉదయ్ శంకర్ స్మృతి సందర్భంగా ఆయన తమ్ముడు, సితార్ విద్వాంసుడు రవిశంకర్ ఏర్పాటు చేసిన సభలో ఆమె అనుకోకుండా కవిత్వం చదివారు. అక్కడి నుంచి ఉర్దూ కవితా పఠనం ఆమె సొంత ప్రక్రియ అయిపోయింది. హఫీజ్ జలంధరీ రాసిన 'అభీ తో మైఁ జవాన్ హూఁ' (నేనింకా యవ్వనంలోనే ఉన్నాను) కవితను ఆమె నోట విననిదే సభలు ముగిసేవి కావు. కాగితం చూడకుండా, నిలబడి, చేతులతో, కళ్లతో పంక్తి పంక్తికీ రూపం కట్టేవారు. వేషం, సెట్టు, తోటి నటుడు ఏదీ అక్కరలేని ఈ ప్రక్రియను ఆమె డెబ్భై దాటాక కనిపెట్టుకున్నారు. పిలిచేవాళ్ల కోసం ఎదురుచూడకుండా తన వేదిక తానే తయారు చేసుకోవడమన్నది మీరు ఆమె నుంచి తీసుకోగలిగిన వాటిలో అన్నిటికన్నా ఆచరణయోగ్యమైనదని నా అభిప్రాయం.

1993లో లాహోర్‌లో అజోకా సంస్థ వేసిన 'ఏక్ థీ నానీ' నాటకంలో ఆమె, ఉజ్రా మళ్లీ ఒకే వేదిక మీద నిలబడ్డారు. పృథ్వీ థియేటర్స్ మూతపడ్డాక, అరవైలలో ఉజ్రా పాకిస్తాన్‌కు వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. సరిహద్దుకు రెండు పక్కల బతికిన ఇద్దరు అక్కచెల్లెళ్ల కథను వారి జీవితం ఆధారంగానే షాహిద్ నదీమ్ రాశారు. అక్కకు ఎనభై ఒకటి, చెల్లెలికి డెబ్భై ఆరు. ఒకప్పుడు నాయిక పాత్ర కోసం అసూయపడిన అక్క, ఆ చెల్లెలితో సమానమైన పాత్రలో నిలబడడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది.

ఇక హిందీ సినిమాల సంగతి. 'హమ్ దిల్ దే చుకే సనమ్', 'వీర్-జారా', ఇంగ్లీషులో 'బెండ్ ఇట్ లైక్ బెకమ్', ఇలా వరసగా బామ్మ పాత్రలు. వీటిలో సగానికి పైగా ఆమె స్థాయికి తగ్గవని నేను మొహమాటం లేకుండా చెబుతాను. ముసలావిడ కొంటెగా మాట్లాడితే హాలు నవ్వుతుందన్న ఒకే సూత్రాన్ని దర్శకులు అరగదీశారు. 2002లో వచ్చిన 'చలో ఇష్క్ లడాయే'లో తొంభై ఏళ్ల ఆమెతో గూండాలను కొట్టించారు. ఆమె అది కూడా ఉత్సాహంగానే చేశారు. కానీ 'వీర్-జారా'లో కొద్ది నిమిషాలే కనిపించే బేబే పాత్ర చూడండి: తన అస్థికలను సొంత గడ్డమీద కలపమని ఆమె కోరిన కోరిక మీదే మూడు గంటల కథ కదలాలి. ప్రేక్షకుడు ఆ కోరికను నమ్మకపోతే నాయిక సరిహద్దు దాటడమే అర్థం లేనిదవుతుంది. 2007లో 'చీనీ కమ్'లో అమితాబ్ బచ్చన్‌కు తల్లిగా వేసినప్పుడు ఆమెకు తొంభై ఐదు. ఆ తల్లీకొడుకుల మాటల పోరులో ఆమె ఎదుటివాడి మాట పూర్తయ్యే లోపే జవాబు సిద్ధం చేసుకున్నట్టు కనిపించి, సరిగ్గా అర క్షణం ఆలస్యంగా విసురుతారు. ఆ అర క్షణం ఊరూరా ప్రేక్షకుల నవ్వులు లెక్కపెట్టుకుంటూ నేర్చుకున్నది. అదే ఏడాది వచ్చిన 'సావరియా' తర్వాత ఆమె సినిమాల్లో కనిపించలేదు.

పద్మశ్రీ 1998లో, పద్మభూషణ్ 2002లో, పద్మవిభూషణ్ 2010లో వచ్చాయి. 2014 జూలై 10న ఢిల్లీలో, నూట రెండేళ్ల వయసులో కన్నుమూశారు.

కాబట్టి మీ మొదటి ప్రశ్నకు నా సమాధానం ఇది: ఎనభైలో అవకాశాలు రావడం నిజమే గాని, అవి మొదలుపెట్టిన నటికి రాలేదు, మానని నటికి వచ్చాయి. మీరు పదిహేనేళ్లు వేదిక మీద ఉన్నారు గనుక ఆమెతో పోల్చుకునే హక్కు మీకు ఉంది. అయితే లండన్‌లో ఆమె గడిపిన ఇరవై ఏళ్ల వంటివి మీకు ఎదురైతే ఇల్లు ఎలా గడుస్తుందన్నది ముందే తేల్చుకోండి. ఆమె దగ్గర నేర్పడానికి నృత్యం ఉంది, మీ చేతిలో అలాంటిది ఏముందో నాకు తెలియదు, మీకు తెలిసే ఉంటుంది.

రెండో ప్రశ్నకు వస్తే, ముందు 'ద జ్యూయెల్ ఇన్ ద క్రౌన్' తొలి భాగాలు చూడండి, మాటలు వినకుండా ఒకసారి, విని ఒకసారి. తర్వాత 'చీనీ కమ్'లో తల్లీకొడుకుల దృశ్యాలు వరుసగా చూసి, ఆమె ఎక్కడ ఆగుతున్నారో గుర్తు పెట్టుకోండి. కవితా పఠనం వీడియోలు అంతర్జాలంలో దొరుకుతాయి. వాటిని చివరికి ఉంచండి. ఉర్దూ రాకపోయినా ఫర్వాలేదు, మొదటిసారి అర్థం తెలియకుండానే చూసి, ఏ పంక్తి దగ్గర ఏ భావం అనిపించిందో కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాత తెలుగు అర్థం తెచ్చుకుని సరిపోల్చుకుంటే, ఎంత మాట వల్ల వచ్చింది, ఎంత మనిషి వల్ల వచ్చింది అన్నది మీకే తెలుస్తుంది.